చుక్కంత చేసిన ముఖాలు

మధ్యాహ్నం నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగుతున్న వేళకు వసీం సాబెరాకు ఫోన్ చేశాడు. అతని తండ్రి ముక్తార్ ఆ పొద్దునే పోయాడు. మెదక్ బజారులో కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఊళ్ళో సగం మంది పెళ్ళి ప్యాంట్లు ఆయన కత్తెర కింద నుంచి వచ్చినవే. ఆ చావు కబురును 'ఖిల్లా కబురు' సైటులో ఎక్కించింది సాబెరానే. ఫోటో కింద నాలుగు లైన్లు రాసి, ఖననానికి ముందు చేసే జనాజా నమాజు రాత్రి ఇషా తర్వాత అని పెట్టింది.

"ఆపా, టైం మారింది," అన్నాడు వసీం. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "గీ ఎండకు రాత్రిదాక ఉంచలేం. ఐసు డబ్బా ఎక్కడ దొరకలే. సాయంత్రం అసర్ నమాజు కాంగనే తీస్తున్నం. పేజీల మార్చు జర."

"మారుస్త తమ్మీ. నువ్వు దాని ఫికర్ వదిలెయ్యి."

"మారుస్త అంటే గాదు, ఇప్పుడే మార్చాలె ఆపా. సమద్ చాచా ఉన్నడు గదా."

సమద్ అంటే ముక్తార్‌కు తోడబుట్టిన తమ్ముడు. మనోహరాబాద్ స్టేషన్ ముందర చాయ్ హోటల్ నడుపుతాడు. భార్య పోయినప్పటి నుంచి అన్నతో మాట బంద్. ఎందుకో బయటివాళ్ళకెవరికీ తెలియదు. నంబరు మార్చుకున్నాడు, ఇంటివాళ్ళ ఫోన్లన్నీ రాకుండా చేసుకున్నాడు. అయినా పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు ఖిల్లా కబురులో చావుల పేజీ తెరిచి చూస్తాడట.

"పక్క దుకాణపాయన చెప్పిండు," అన్నాడు వసీం. "పేజీ చూసి కుర్చీల కూలబడ్డడట. ఇషాకు పోత, భాయి ముఖం చూస్త అన్నడట. గప్పటిదాక సామాను తెచ్చుకుంట అని తూప్రాన్ దిక్కు పోయిండు. ఆయన ఇషాకని వస్తే ఏం కనబడతది ఆపా, మట్టి కుప్ప తప్ప. మా అబ్బా రాత్రంత ఆయన పేరే కలవరించిండు."

"కొత్త నంబరు దొరికిందా?"

"ఆ దుకాణపాయన ఇచ్చిండు. ఆయన చేసినా ఎత్తుతలేడు, మావి ఎత్తుతలేడు."

సాబెరా ఆ నంబరు రాసుకుని ఆఫీసు ఫోన్ నుంచి చేసింది. మోగింది, తెగింది. మళ్ళీ చేసింది, మళ్ళీ తెగింది. తెలియని నంబరు ఎత్తే మనిషి కాడు. ఇక ఆయనకు కబురు చేరే తోవ ఒక్కటే మిగిలింది: ఆ పేజీ.

ఆఫీసంటే పెద్దదేమీ కాదు. రాందాస్ చౌరస్తాలో మేడ మీద జనార్దన్ ఫోటో స్టూడియో. చేతిచేతికీ కెమెరా ఫోన్లు వచ్చాక స్టూడియోకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. జనార్దన్ కూర్చుని ఆలోచించి ఈ సైటు పెట్టించాడు. మార్కెట్ ధరలు, కరెంటు కోతలు, లీడర్ల పుట్టినరోజులు అన్నీ ఉంటాయి గాని, జనం రోజూ తెరిచేది మాత్రం 'నివాళి' పేజీ. హవేలిఘనపూర్ నుంచి నిజాంపేట దాకా ప్రతి వాట్సాప్ గ్రూపులో ఆ లింకు ఉంది. ఎవరు పోయినా కొత్త పేజీ తెరవనిచ్చేవాడు కాదు జనార్దన్. ఉన్న పేజీలోనే పాతది తీసి కొత్తది పెట్టాలి. "లింకు ఒకటే ఉండాలె బిడ్డా. తెల్లారి లేస్తే జనం వేలు అటే పోవాలె," అనేవాడు. పాతది సర్ది కొత్త ఫోటో పెట్టే పని తనే చేసుకునేవాడు. రాత మాత్రం సాబెరాది.

ఆమె పేజీ తెరిచింది. బ్రౌజర్‌లో రాసుకునే డబ్బా వచ్చి నిలబడింది. 'ఇషా' పక్కన కర్సర్ పెట్టి తుడిచే మీట నొక్కింది. ఏం కదల్లేదు. ఇంకోసారి నొక్కింది. అట్లాగే ఉంది. చేయి తీసేసి చూస్తుంటే, చాలాసేపటికి, ఇషాతో పాటు దాని ముందున్న మూడు మాటలూ ఒక్క ఊపులో మాయమయ్యాయి. ఇప్పుడు 'జనాజా' అన్న మాట కూడా లేదు. 'అ' కొట్టింది. రాలేదు.

ఈ నెమ్మది ఈనాటిది కాదు. ఏడాదిగా పేజీ రోజురోజుకూ బరువెక్కుతోంది. ఒక లైను కొట్టి లేచి నీళ్ళు తాగి వచ్చి, అక్షరాలు వచ్చాయో లేదో చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఎండకు డబ్బా వేడెక్కిందని జనార్దన్ తడిబట్ట కప్పేవాడు. చావు కబురుకు తొందరేముందిలే అనుకుని ఇద్దరూ నడిపించుకొచ్చారు. ఇవాళ తొందర ఉంది.

సైటు కట్టిన అభిలాష్‌ది నిజాంపేట. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. తన సెల్ నుంచి వాడికి చేసి స్పీకర్ పెట్టింది.

"అక్కా, కంప్యూటర్ బంద్ చేసి పెట్టినవా?"

"రెండుసార్లు."

"బ్రౌజర్ల ఎన్ని ట్యాబులు తెరిచి ఉన్నయి?"

సాబెరా లెక్క చూడకుండా అన్నీ మూసింది. తేడా లేదు. బ్రౌజర్ దాచిపెట్టుకున్న పాత గుర్తులన్నీ తుడువమన్నాడు, తుడిచింది. పాస్‌వర్డ్ మళ్ళీ అడిగింది తప్ప వేగం పెరగలేదు. ఎక్స్‌టెన్షన్లు ఏమున్నాయో చూడమన్నాడు. తెరిచి చూస్తే ఆమెకే నవ్వొచ్చింది.

"పంచాంగం ఉన్నది, ఎండ ఎంతున్నదో చెప్పేది ఉన్నది, క్రికెట్ స్కోరు ఉన్నది. జనార్దన్ కాకనే ఏది అడిగితే దానికి 'ఎస్' అని కొట్టినట్టుండు."

"అన్ని బంద్ చెయ్యి. ఇన్‌కాగ్నిటోల తెరువు."

తెరిచింది. అంతే. ఇంకో బ్రౌజర్‌లో తెరిచింది. అంతే. 'అ' కొడితే అది ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి.

"గిప్పుడు వేరే పేజీ ఏదన్న తెరిచి రాసి చూడు. మార్కెట్ ధరలది."

అక్కడ రాస్తే అక్షరాలు వేలి వెంటే పరుగెత్తుకొచ్చాయి. సాబెరా వేళ్ళు ఆగిపోయాయి. ఇన్ని రోజులు కంప్యూటర్‌ను తిట్టిన తిట్లన్నీ వృథా పోయాయన్నమాట.

"అయితే నెట్టుది గాదు, మిషనుది గాదు," అన్నాడు అభిలాష్. "రోగం ఆ పేజీ కడుపుల ఉన్నది. ఏమన్న పెద్దది అతికించిండ్రా?"

"ఏం లేదు. ముక్తార్ చాచా ఫోటో, నాలుగు లైన్లు. కిందంత తెల్లగ ఉన్నది."

"తెల్లగ ఎంతదాక?"

ఆమె కిందికి గుంజింది. పేజీ గింజుకుంటూ జరిగింది. తెల్లటి ఖాళీలో అక్కడక్కడ దుమ్ము పడ్డట్టు చుక్కలు. చాలాసార్లు చూసిందే. తెర మీది మురికనుకుని ఓసారి చున్నీ కొంగుతో తుడిచింది కూడా.

"చుక్కలున్నయి అభీ. కిందికి పోయినకొద్ది అవే."

"ఫార్మాటింగ్ చెత్త పేరుకున్నట్టుంది. మొత్తం సెలెక్ట్ చేసి, పైన రబ్బరు బొమ్మ ఉంటది చూడు, అది నొక్కు. సైజులు, రంగులు అన్ని తుడుచుకపోతయి. మాటలు మాటలే ఉంటయి."

అప్పటిదాకా వెనక గదిలో కునుకు తీస్తున్న జనార్దన్ తుడవడమన్న మాట చెవిన పడి లేచి వచ్చాడు.

"ఏం తుడుస్తున్నవు బిడ్డా?"

"గీ చుక్కలు కాకా. పేజీ కదుల్తలేదు, ముక్తార్ చాచా టైం మార్చాలె."

"అవి ముట్టకు. ఆగు, ఆగు."

ఆయన ఆగు అనేసరికే ఆమె వేలు నొక్కేసింది.

తెర ఒక్కసారి తెల్లబడింది. ఆ తెలుపులో, పై నుంచి మొదలుపెట్టి, ముఖాలు రావడం మొదలైంది.

ముందు నుదుట నామం పెట్టుకున్న ముసలాయన. ఆయన కింద నోరు తెరిచి నవ్వుతున్న నడివయసు ఆవిడ. తర్వాత ఆర్టీసీ కండక్టరు, ఖాకీ చొక్కాతోనే. తర్వాత చర్చి ముందు నిలబడి తీయించుకున్న నిస్సి టీచర్, సాబెరాకు పదో తరగతిలో లెక్కలు చెప్పిన మనిషి. ఒక్కొక్క ముఖం తెరంత పెద్దది. వెంట్రుకలు, మచ్చలు, పళ్ళ మీది గార అన్నీ కనబడేంత పెద్దది. సాబెరా చెయ్యి మౌసు మీద అట్లాగే ఉండిపోయింది. పేజీ దానంతటదే జరుగుతోంది. ఊళ్ళో ఇన్నేళ్ళలో పోయినవాళ్ళందరూ ఒకరి కింద ఒకరు వచ్చి ఆమె ముఖంలోకి చూస్తున్నారు. ఆ వరుసలో ఆమె నానీ, అమ్మమ్మ, వచ్చింది. నానీ భుజం మీద ఎవరిదో చెయ్యి. తనదే. ఫోటోలో నుంచి తనను కత్తిరించి, చేతిని కత్తిరించలేక వదిలేసింది ఆనాడు. చూస్తుండగానే నానీ పైకి జరిగిపోయింది, ఇంకెవరో వచ్చారు.

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

"కాకా, వీళ్ళంత గీ పేజీల ఎందుకున్నరు?"

జనార్దన్ గోడకు చేయి ఆన్చి నిలబడ్డాడు. "పోయినోళ్ళ ఫోటో పారెయ్యద్దు బిడ్డా. స్టూడియోల గదే మా పద్ధతి. బతికినోని నెగటివ్ పారేస్తం, సచ్చినోనిది ఎంత పాతదైనా పారెయ్యం. ఎన్నేండ్లకో ఇంటోళ్ళు వచ్చి అడుగుతరు, పెద్దగ చేసి ఇయ్యి, పటం కట్టించుకుంటం అని. ఎల్లం ఇల్లు అంటుకొని అన్ని బూడిదైనంక వాళ్ళ నాయన ముఖం గీ పేజీలకెల్లే తీసి ఇచ్చిన."

"మరి తీసేసిన అంటివి గదా రోజు."

"తీసుడు అంటే, మూలకు పట్టుకొని చిన్నగ చేసిన. చుక్కంత. ఎవరికి కనబడద్దు, మనకు ఉండాలె."

ఫోన్లో అభిలాష్ అంతా వింటున్నాడు. "కాకా, చుక్కంత చేసినా ఫోటో బరువు తగ్గది. ఒక్కొక్కటి నిండు సైజు. ఇన్నేండ్ల శవాలు మోసుకుంట తిరుగుతుంది ఆ పేజీ," అన్నాడు. మళ్ళీ ఏదో తట్టినట్టు ఆగి, "అక్కా, సేవ్ కాలేదు గదా?" అని అడిగాడు.

జనార్దన్ బటన్ నొక్కడం మరిచిపోతాడని, ఏం మార్చినా దానంతటదే సేవ్ అయి జనంలోకి పోయేటట్టు పెట్టించుకున్నారు. తెర మూలన సేవ్ అయిందన్న పచ్చటి గీత వెలిగి ఉంది.

ఆఫీసు ఫోన్‌కు మొదటి కాల్ హవేలిఘనపూర్ నుంచి వచ్చింది. లలితమ్మట.

"ఏందమ్మా గిది? మా ఆయన పోయి సంవత్సరీకాలు గూడ అయిపోయె. మల్ల పోయిండా?"

"లేదమ్మా, చిన్న గలతీ అయింది. సరిచేస్తున్నం."

"చేస్తే చెయ్యి గని, మనిషి మంచిగ కొట్టొచ్చినట్టున్నడు. ఇంట్ల ఉన్న ఫోటోల గిట్ల లేడు. జరసేపు ఉండనియ్యి."

ఆమె పెట్టేసేలోపే రెండో ఫోన్. ఈసారి మగ గొంతు, తిట్టుతోనే మొదలుపెట్టింది. మూడోది వచ్చింది. సాబెరా నంబరు చూసి ఉలిక్కిపడింది. ఇందాక రెండుసార్లు మోగి తెగిన నంబరే.

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు సమద్.

"సాబెరాను చాచా. ఖిల్లా కబురుకెల్లి."

"నా బీవీ జోహా ఫోటో ఎవన్ని అడిగి పెట్టిండ్రు?"

ఆ గొంతులో అరుపు లేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"భాయి ముఖం మల్ల చూద్దమని తెరిచిన, పైకెల్లి కిందిదాక గుంజుకుంట పోయిన. ఉన్నది. బతికినన్ని దినాలు పరాయోని ముందట ముసుగు తియ్యని మనిషి. ఆమె పోయిననాడు నా నోట మాట లేదు. భాయి నన్ను అడగక చెయ్యక మీకు ఫోటో ఇచ్చిండు, ఊరంత చూసె. ఆ ఒక్క ఫోటో కోసమే భాయితోని మాట బంద్ చేసిన. మీ జనార్దన్ నా భుజం మీద చెయ్యేసి తీసేసిన అన్నడు. రోజు పొద్దుగాల మీ పేజీ ఎందుకు చూస్త అనుకున్నవు? మల్ల పెడతరేమో అని చూస్త."

సాబెరా జనార్దన్ వైపు చూసింది. గొంతు ఫోన్లోంచి బయటికే వినబడుతోంది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఒక ఇంట్లో అన్నదమ్ములను విడదీసిన ఫోటో తన చేతి కిందే, చుక్కలా, ఇన్నేళ్ళూ ఉందని ఆయనకూ ఇప్పుడే తెలిసింది.

"చాచా, ఆ తప్పు మాది. తీసేస్త. ముందు నా మాట ఒకటి విను. జనాజా ఇషాకు కాదు. అసర్ తర్వాతనే తీస్తున్నరు. టైం మార్చనీకి పోతేనే గిదంత అయింది. నువ్వు ఇప్పుడే బయలుదేరాలె."

అటు నుంచి బస్సు హారన్లు, ఎవరో సోడా అమ్ముతున్న కేక. సమద్ శ్వాస వినబడింది.

"అసర్ కా?"

"అవ్ చాచా. వసీం నీకోసం మస్తు పరేషాన్ అయితుండు."

"ముందుగాల ఫోటో తియ్యుండ్రి."

"తీస్త. నువ్వు బస్సెక్కు."

"ఎక్కనంటె ఎక్క. జోహాను ఊరంత ఫోన్లల్ల చూస్తుంటే ఆ గల్లీల నేను అడుగు పెట్ట. భాయి పీనుగ ముందల నిలబడితే నలుగురు నా ముఖం చూసి ఆమె ముఖమే యాది చేసుకుంటరు. అది పోవాలె, నేను చూడాలె, గప్పుడు ఎక్కుత. తూప్రాన్ బస్టాండ్లనే ఉన్న." ఫోన్ పెట్టేశాడు.

సాబెరా పేజీ మీద పడింది. జోహా ఫోటో దగ్గరికి పోవాలని గుంజింది. తెర బిగుసుకుపోయింది. పేజీ స్పందించడం లేదు, ఆగుతారా మూసేస్తారా అని బ్రౌజర్ అడిగింది. ఆగుతా అంది. మళ్ళీ అదే అడిగింది. మూసి తెరిచింది. కండక్టరు దగ్గర ఆగిపోయి ఖాకీ చొక్కా తప్ప ఇంకేం చూపించలేదు.

"అట్ల కాదు అక్కా," అన్నాడు అభిలాష్. అతని గొంతులో కూడా ఇప్పుడు కంగారు ఉంది. "దాన్ని తెరిచి ఒక్క ఫోటో తీసుడు అయ్యే పని గాదు. తెరవకుంట బయటికెల్లే పేజీ మొత్తం కొట్టెయ్యొచ్చు. క్షణం పట్టది. కొత్త పేజీకి పాత లింకు పేరే పెట్టుకోవచ్చు."

"మరి చెయ్యి."

"చేస్తే అందరు పోతరు. తక్కువల కట్టిన సైటు, పేజీని దాచే బటన్ లేదు, వెనక కాపీ లేదు. దించి పెట్టుకోవాలంటే సాయంత్రం దాటుతది."

సాబెరా తలెత్తితే జనార్దన్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఆ ఫోటోలున్న నా పాత ఫోన్ గూడ లేదు బిడ్డా. అన్ని గీ పేజీలనే ఉన్నయి. రేపు ఎవడన్న వచ్చి మా అమ్మ ముఖం ఇయ్యి అంటే ఏం చెప్పాలె? ఇంకో ఉపాయం చూడమను."

"ఇంకోటి లేదంటున్నడు."

"నీ నానీ గూడ ఉన్నది గదా."

ఆ మాట ఆమెకు తగిలింది. ఆ ఫోటో తీసిన ఫోను హల్దీ వాగులో పడిపోయింది. నానీ భుజం మీద తన చెయ్యి ఉన్న ఆ ముఖం ఈ పేజీలో తప్ప ఎక్కడా లేదని ఆమెకు ఇవాళే, ఇప్పుడే తెలిసింది. తెలిసిన గంటలోనే పోగొట్టుకోవాలి. ఇంకోసారి చూద్దామన్నా తెర కదలదు, ఫోన్లో గుంజుతూ వెతికేంత వ్యవధి లేదు.

"కాకా, సమద్ చాచా అక్కడ బస్సు ముందల నిలబడి ఉన్నడు," అంది. "నువ్వు ఆయన భుజం మీద చెయ్యేసి తీసేసిన అన్నవు."

జనార్దన్ పోయి కెమెరా పెట్టుకునే పాత స్టూలు మీద కూలబడ్డాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"తీసెయ్ బిడ్డా," అన్నాడు.

ఆమె కొట్టేసే బటన్ నొక్కింది. నిజంగా తీసేయాలా అని తెర అడిగింది. అవునంది. అంతమంది మనుషులు పోవడానికి కనురెప్ప వేసినంత సేపు కూడా పట్టలేదు.

కొత్త పేజీ తెరిచింది. అభిలాష్ చెప్పినట్టు పాత పేరు పెట్టింది. ముక్తార్ ఫోటో, పేరు, గల్లీ, జనాజా నమాజు అసర్ తర్వాత. అక్షరాలు ఎక్కడా ఆగలేదు. వెంటనే సమద్‌కు చేసింది. ఈసారి మొదటి మోతకే ఎత్తాడు.

"చాచా, తెరిచి చూడు."

వేలితో తెరను గుంజుతున్నాడని ఊహించుకుంది. గుంజడానికి కింద ఏమీ లేదు.

"భాయి ఒక్కడే ఉన్నడు," అన్నాడు సమద్.

"అవ్ చాచా. ఇంకెవరు లేరు."

"నా పెండ్లి చొక్కా ఏసుకున్నడు ఫోటోల. ఆయన కుట్టిందే. నాకిచ్చి, మల్ల అడిగి తీసుకున్నడు."

సాబెరా ఊఁ అంది. ఆయన ఫోన్ పెట్టేయడం మరిచిపోయినట్టున్నాడు. మనుషులు తోసుకుంటున్న చప్పుడు, ఇనుప మెట్టు మీద చెప్పుల చప్పుడు వినబడ్డాయి. కండక్టరు ఎవరినో వెనక్కి జరగమని కసురుతున్నాడు. ఆ గోల మధ్యలో సమద్ గొంతు.

"మెదక్‌కు ఒక టికెట్ ఇయ్యి. డ్రైవరును జర జల్ది పోనియ్యమను భాయి, అసర్‌కు అందాలె."